పదకొండు మగ్గుల లెక్క

ఇరవై ఏళ్లుగా సైన్సు టీచరు మార్కులేసిన ప్రాజెక్టులన్నీ నిజానికి పిల్లల తల్లిదండ్రులు చేసినవే. థర్మోకోల్ అగ్నిపర్వతాలను చూసీ చూసీ ఆమెకు విసుగెత్తిపోయింది. ఈసారి ఎలాగైనా పిల్లల బుర్రలకు పని చెప్పాలని పట్టుబట్టి, ఎనిమిదో తరగతికి ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చింది: మన బడి మీది ట్యాంకు మధ్యాహ్నం కాకుండానే ఎందుకు ఖాళీ అవుతోంది? హెడ్మాస్టరు మొహం చిట్లించుకునే ఒప్పుకున్నాడు. ప్రదర్శన నాటికి గోడకు అంటించదగ్గ పని తేలకపోతే వచ్చే ఏడు మళ్లీ అగ్నిపర్వతాలేనని ముందే చెప్పాడు.

ఆమె చేసిన పొరపాటల్లా ఒక్కటే. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తుంటే జాలిపడి, నమూనాగా బోర్డు మీద ఒక జవాబు రాసింది: పిల్లలు కుళాయిలు సరిగా కట్టెయ్యడం లేదు.

ఇంకేముంది, నలభై ఒక్క కాగితాల్లో అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు వచ్చింది. చుట్టూ వేసిన రంగుల అంచులు మాత్రం దేనికవే. ఒక్కో కాగితం తిప్పుతుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టాలంటే తనను తానే తిట్టుకోవాలి. దానికీ ఓపిక లేదు.

చివరిదైన నలభై రెండో కాగితం వెనక బెంచీ పిల్లది. తరగతిలో ఆవలిస్తూ కూర్చుంటుందని అందరూ నిద్రమొహం అంటారు. కాగితం నిండా కొట్టివేతలే. కారే కుళాయి కింద మగ్గు పెట్టి మూడు రోజులు చూసిందట.

"పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక మగ్గు నిండింది. కారే కుళాయిలు పదకొండు. పదకొండు మగ్గులకి ట్యాంకు ఖాళీ అవదు టీచర్. మీరు రాసింది తప్పు. మరి నీళ్లు ఎటు పోతున్నాయో నాకు తెలీట్లేదు."

ఆమె ఆ నాలుగు ముక్కలూ మళ్లీ మళ్లీ చదువుకుంది. తను స్వయంగా తయారుచేసిన మార్కుల పట్టీలో సరైన జవాబుకు పది, శుభ్రతకు పది. ఆ లెక్కన ఈ పిల్లకు సున్నా. సిగ్గేసింది. పట్టీని మడిచి సంచిలో కుక్కేసి, ఆ కాగితాన్ని తరగతి గోడ మీద నట్టనడుమ అంటించింది.

హెడ్మాస్టరు వచ్చి, కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఇందులో జవాబేదని అడిగాడు. లేదంది. అయితే వచ్చే ఏడు సంగతి తేలిపోయినట్టేనన్నాడు. ఆమె కుర్చీలో కూలబడింది.

గుమ్మం దాకా వెళ్లినవాడు అక్కడే ఆగిపోయాడు.

"కుళాయిలు కాదంటే, మరి నీళ్లెటు పోతున్నట్టండీ?"

"నాకూ తెలీదండీ. ఇన్నేళ్లూ పిల్లల్నే తిట్టాను."

ఆయన వెనక్కొచ్చి కాగితాన్ని మొదటినుంచీ మళ్లీ చదివాడు. జేబులోంచి మేడ మీది తలుపు తాళంచెవి తీశాడు.

"ఆ పిల్లని పిలవండి."

మూడంతస్తుల మెట్లు తలుచుకుంటేనే ఆమె మోకాళ్లు మొరాయించాయి. అయినా లేచింది.