గుమ్మడికాయ మీద బొట్టు

నోరు జర పెద్దదే నాది, ఒప్పుకుంట. కానీ ఆ పొద్దు వినోదక్క చేసిన పని చూస్తే మీరైనా ఊకోరు. మా గుమ్మడి తీగ గోడ దాటి వాళ్ల దిక్కు జానెడు పాకిందని, కొడవలి తెచ్చి పిందెలతోని సహా కోసి పడేసింది. శ్రీరాంపూర్ల ఈ బొగ్గుబాయి క్వార్టర్లకొచ్చి ఇరవై ఏండ్లాయె, గోడకు గోడ ఉంటున్నం. ఒక్క మాట చెప్తే నేను తీగ తిప్పుకోనా? తిట్టిన. ఆమె గూడ తిట్టింది. ఇగ మూడు నెలలు మాటల్లేవు.

మిగిలిన తీగ ఎవరి మీద పంతమో గానీ విరగ కాసింది. పదకొండు కాయలు. మేమిద్దరం ఆలుమొగలం ఎన్నని తింటం? కడిగి తుడిచి మా క్వార్టర్ల లైన్ల ఇంటికొకటి పంచిన. వినోదక్క ఇంటి ముంగట నుంచి పోయేటప్పుడు కాయ ఆమెకు కనవడేటట్టే ఎత్తుకపోయిన. అసొంటిదాన్ని నేను.

ఆఖరికి అన్నిట్ల పెద్దది ఒక్కటి మిగిలింది. ఆ రోజే మా ఆయన రాజలింగు బువ్వ తినుకుంట మెల్లగ చెప్పిండు, "వినోదక్క మొగడు పరశురాములన్న రిటైరయిండు గదనే. ఎల్లుండి ఆలుమొగలు క్వార్టర్ ఖాళీ చేసి ఖానాపూర్ పోతున్నరు."

నేను కంచం పక్కకు జరిపిన. నా బిడ్డ పుట్టినప్పుడు నెల దినాలు నీళ్లు కాచిపోసింది ఆ వినోదక్కనే. ఒక్క మాట లేకుండనే పోతదా? పోనీ నేనే మాట్లాడుదామంటే, ముందుగాల నోరెట్ల తెరువాలె?

తెల్లారి మా ఆయన మొదటి షిఫ్టుకు పోంగనే, కాయను వాళ్ల గడప ముంగట పెట్టి గిరుక్కున తిరిగొచ్చిన.

జర సేపటికి వినోదక్క లొల్లి. ఉరికి చూస్తే లైన్ల ఆడోళ్లందరు అక్కడనే ఉన్నరు. "ఎవలో మంత్రం చేసి పెట్టిండ్రు. ఊరిడిసి పోయేటోళ్లను గూడ ఊకుంటలేరు" అని ఏడుస్తుంది. ఆ పొద్దు అమాస అని నాకు యాదికే లేదు. దానికి తోడు, దిష్టి తాకద్దని వారం వారం నేను పెట్టుకుంటొచ్చిన సున్నం బొట్టు, కుంకుమ కాయ మీద అట్లనే ఉన్నయి. తొందరల తుడువలే. అందరు కాయ దిక్కు చూసిండ్రు, నా దిక్కు చూసిండ్రు.

పరశురాములన్న కట్టె పట్టుకొని కాయను మురికి మోరీలకు నూకబోతుండు.

"అన్నా, ఆగు. అది పెట్టింది నేనే" అన్న.

మూడు నెలలకు వినోదక్క నా మొఖంల మొఖం పెట్టి చూసింది. "నువ్వా మల్లక్కా? పోయేముందు గింత పగనా?"

"పగేంది? పులుసు వండుకుంటవని పెట్టిన. అందరికిచ్చి నీకియ్యకుంటే నాకు పానం ఒప్పలే. చేతికిద్దామంటే సిగ్గాయె. నమ్మకుంటే ఇక్కడనే వండు, మొదలు నేనే తింట."

వండాలంటే కొయ్యాలె గదా. ఆడోళ్లు నిండు గుమ్మడికాయ కొయ్యద్దు, మొదటి వేటు మొగోడే వెయ్యాలె. ఉన్న మొగోడు పరశురాములన్న, ఆయనేమో ఎనుకకు జరుగుతుండు. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిలకు దిగిన మనిషి గుమ్మడికాయకు భయపడుతుండు. నాకు నవ్వాగలే. నన్ను చూసి వినోదక్క మూతి గూడ కదిలింది. లోపలికి పోయి కొడవలి తెచ్చింది. ఆ కొడవలే.

"కొయ్యి" అన్నది మొగనితోని. "ఇది మంత్రాలు చేసే మొఖం కాదు. చేస్తే లైనంత చెప్పుకుంట చేస్తది."

వాళ్ల గిన్నెలన్ని మూటల్ల ఉన్నయని నా గంజు తెచ్చిన. ఇద్దరం కూసొని ముక్కలు తరిగినం. పులుసు మొదలు నేనే తిన్న, మూడుసార్లు పోయించుకున్న. వినోదక్క గింజలు కడిగి పాత పేపర్ల కట్టుకుంది.

"ఖానాపూర్ల పెడుత. ఆడ పక్కన గోడ లేదు. ఎంత దూరమన్న పాకనీ" అన్నది.

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అయినా నా నోరు ఊకుంటదా? "కొడవలి మాత్రం తీస్కపోకు" అన్న.

తెల్లారి వాళ్ల సామాన్ల బండి పోయినంక పెరట్లకు పోయి చూసిన. కొడవలి మా గోడ మీద ఉంది.