విల్లుకు ఒక పాలు

దూదేకుల అల్లాబకాష్ ఇంట్లో ప్రతి శుక్రవారం నమాజు తర్వాత ఒక పని తప్పకుండా జరిగేది. అన్నదమ్ములిద్దరూ వారమంతా ఊర్లు తిరిగి, జనం పరుపులూ బొంతలూ విప్పి దూది ఏకి తెచ్చిన సంపాదనను తల్లి మంచం ముందు చాపమీద పోసి మూడు పాళ్ళు చేసేవారు. అన్న అల్లాబకాష్‌కు ఒకటి, తమ్ముడు ఖాజా హుస్సేన్‌కు ఒకటి. మూడోది గోడకు తగిలించిన దూదేకే విల్లుకు.

నవ్వకండి. విల్లుకు తంతి తెగుతుంది, కట్టె బీటలిస్తుంది. పనిముట్టు కూడా మనతో సమానంగా కష్టపడుతుంది కాబట్టి దానికీ పాలు పెట్టాలని వాళ్ళ నాయన ఏనాడో పెట్టిన కట్టుబాటు అది. మంచి కట్టుబాటే, కాదనేవాడెవడు? ఆ పాలును తల్లి సైదాబీ కొంగున ముడేసుకుని, తంతి కొనవలసినప్పుడు విప్పేది. ఆమె మంచాన పడ్డాక అది గోడగూట్లోని డబ్బాలోకి పోతోంది.

ఆ మూడు పాళ్ళూ పడుతున్నప్పుడు అదే మంచం పక్కన మరో మనిషి కూర్చుని తల్లి వీపుకు ఆముదం రాస్తూ ఉండేది. ఆమెకు పాలు లేదు. లేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తోచను కూడా తోచలేదు. మన ఇళ్ళలో మాత్రం ఎంతమందికి తోచింది?

ఆ మనిషి పేరు హబీబా. అల్లాబకాష్‌కు చెల్లెలు, ఖాజాకు అక్క. పెండ్లయిన మూడేండ్లకే మొగుడు పోతే, ఎవరి పంచనా చేరకుండా గుత్తికి పోయి శనక్కాయల మిల్లులో పప్పు ఏరే పనిలో కుదిరింది. నాలుగేండ్లు తన కూలి తాను తెచ్చుకుంది, తన అద్దె తాను కట్టుకుంది. తన చేతి గాజులు తానే కొనుక్కుంది.

పంతొమ్మిదివందల యాభై తొమ్మిదిలో, వరసగా రెండో ఏడు కూడా వాన ముఖం చాటేసినప్పుడు, సైదాబీకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అల్లాబకాష్ భార్య మాబీ కరువు పనికి పోయి రోడ్డుమీద కంకర కొడుతోంది. ఆ కూలి లేకపోతే పిల్లలకు సంగటి లేదు. అల్లాబకాష్ గుత్తికి పోయి చెల్లెల్ని పిలిచాడు.

“అమ్మ పడిపోయిందమ్మా. వచ్చేయ్. నీకు ఇంట్లో తిండికి తక్కువా?”

రెండో మాట లేకుండా ఆమె వచ్చేసింది. అప్పటికి ఎనిమిది నెలలైంది.

ఆ చాకిరీ ఎలాంటిదో చేసినవాళ్ళకే తెలుసు. మనిషిని గంటగంటకూ పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. సంగటి మజ్జిగలో పలచగా కలిపి, మింగిందో లేదో గొంతు చూస్తూ పెట్టాలి. తడిసిన గుడ్డలు ఉతకాలంటే మైలు దూరాన వాగులో చెలమ తవ్వి నీళ్ళు తేవాలి. తెచ్చేలోపు మళ్ళీ గుడ్డలు తడిసి ఉంటాయి. హబీబాను నడుము నొప్పి కన్నా ఎక్కువ బాధపెట్టింది మరొకటి. కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున గుత్తి బస్సు హారన్ వినబడగానే చేతిలో పని వదిలేసి గడప దాకా వచ్చేది, ఎందుకొచ్చానా అనుకుని వెనక్కి పోయేది. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

ఒకరోజు అన్నను అడిగింది. “అన్నా, రవిక చినిగిపోయింది. గుడ్డ తీసుకోవల్ల.”

“వచ్చే సంతకు చూద్దాం లేమ్మా,” అన్నాడు అల్లాబకాష్.

మూడు సంతలు పోయాయి. అతడు చెడ్డవాడు కాదు, మరిచిపోయాడు, అంతే. మళ్ళీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు. తన చేత్తో సంపాదించి తిన్న మనిషికి చేయి చాచడం ఎంత చావో అన్నకు తెలియదు. చినిగిన రవిక మీద కొంగు నిండుగా కప్పుకుని తిరిగింది.

ఇంతలో మిల్లు మేస్త్రి శ్రీరంగప్ప కబురంపాడు. కొత్త సరుకు దిగింది, మనుషులు కావాలి, శనివారం లోపల రాకపోతే నీ చోటు ఇంకొకరికి పోతుంది అని. గడువు అడిగి చూద్దామని హబీబా రెండు రోజులు గుత్తికి పోయింది. మేస్త్రి గడువు ఇవ్వలేదు. శుక్రవారం ఉదయం ఊరికి తిరిగొచ్చేసరికి వాకిట్లో నల్లమ్మ ఎదురైంది. నల్లమ్మ ఆ ఊరి కూలి మనిషే. ఒళ్ళో జొన్నలు కట్టుకుని బయటికి వస్తోంది.

“వచ్చినావా తల్లీ! రెండు దినాలు మీయమ్మను నేనే చూసుకున్యా. దినానికి ముప్పావలా, సేరు జొన్నలు ఇచ్చినాడు మీ అన్న. రెండు పూటలా సంగటి కూడా పెట్టినారు. మంచోడమ్మా!” అని సంతోషంగా వెళ్ళిపోయింది.

హబీబా లోపలికి పోయి చూస్తే తల్లి తడిగుడ్డ మీదే ఉంది. ఎనిమిది నెలలుగా పుండు పడకుండా కాపాడిన వీపు రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కమిలింది. హబీబా కండ్లలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నల్లమ్మ మీద కోపం కాదు అది. గుడ్డలు మార్చింది, వీపు తుడిచి ఆముదం రాసింది.

ఆ మధ్యాహ్నం అన్నదమ్ములు చాప పరిచారు. మూడు పాళ్ళు పడ్డాయి.

“అన్నా, నల్లమ్మకు ఎంతిచ్చినావు?” అని అడిగింది హబీబా.

“ఎంతో ఒకటి. ఎవరైనా ఊరికే చేస్తారా?”

“మరి నేను ఎనిమిది నెలలు చేసినా గదా?”

అల్లాబకాష్ అదిరిపడ్డాడు. “ఏం మాట్లాడుతాండావు? కన్నతల్లికి చేసి కూలి అడుగుతాండావా? నలుగురు వింటే మొగాన ఊస్తారు!”

“ఊయనీ. ఆమె నాకొక్కదానికే కన్నతల్లా? నీకు కాదా? ఖాజాకు కాదా? నీ వంతు చాకిరీ ఎవరు చేస్తాండేది అన్నా? వాని వంతు ఎవరు చేస్తాండేది? నా వంతుకు నేను దుడ్లు అడగలా. మీ ఇద్దరి వంతుకూ అడుగుతాండా.”

ఖాజా తల దించుకుని గొణిగాడు. “తిండి పెడతాండాం గదా అక్కా.”

“నల్లమ్మ ఈడ తినలేదా? తిని కూలి కూడా తీసుకోలా? మీరు నిమ్మళంగా ఊర్లు తిరిగి వస్తాండారంటే, మాబీ కంకర కొట్టను పోతాందంటే, నేనీడ వంగి ఉండాను గనకనే. గోడకు వేలాడే ఆ కట్టెకు పాలుండాది. నాకు లేదు.” ఆమె విల్లువైపు చెయ్యి చూపింది. “రేపు పొద్దున బస్సుకు నేను పోతాండా. నల్లమ్మనే పెట్టుకోండి.”

మంచం మీద సైదాబీ కంటి నుంచి నీరు కారి చెవిలోకి పోయింది. అది హబీబా చూసింది. తల్లిని బజారున పెట్టానే, ఎంత మాటన్నానే అనుకుంటూ కొంగుతో ఆ నీరు తుడవబోయింది. సైదాబీ ఎడమచేత్తో మంచం పట్టెను టపటపా కొట్టింది. సగం నోటితో, మాట మాటకూ ఆగుతూ మాట్లాడింది.

“మీ అవ్వ... పదకొండేండ్లు మంచాన పడింది. నేనే చేసినా. విల్లుకు పాలు పెట్టినాడు మీ నాయన... నాకు పెట్టలా. చీరకు కూడా ఆయన్నే అడుక్కున్యా. నోరెత్తలా... అది నా తప్పు. నేను నోరెత్తి ఉంటే... దీనికి ఈ గతి వచ్చేది కాదు. బకాషూ... దానికి పాలు పెట్టు.”

అల్లాబకాష్ చాపకేసి చూశాడు. “విల్లు పాలు దానికిస్తే, రేపు తంతి తెగితే ఎట్లమ్మా?”

“నాలుగు... నాలుగు చెయ్యి!” అని అరిచినట్టుగా అంది సైదాబీ.

నాలుగు చేస్తే ఒక్కొక్కరి పాలు చిన్నదవుతుంది. కరువు రోజులు. అల్లాబకాష్ కుప్పలను కండ్లతోనే లెక్కేసుకున్నాడు. తర్వాత మూడు కుప్పలనూ చేత్తో కలిపేశాడు. మళ్ళీ నాలుగు చేశాడు. నాలుగోదాన్ని చెల్లెలి ముందుకు జరుపుతూ, “చిన్నగుండాదమ్మా,” అన్నాడు సిగ్గుగా.

“నాది నాకు చాలు అన్నా,” అంది హబీబా. ఎనిమిది నెలల తర్వాత తన సొంత దుడ్లు కొంగున ముడేసుకుంటుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు.

మరునాడు బస్సు వచ్చింది. ఆమె రోడ్డు దాకా పోయి, మేస్త్రికి తాను రావడం లేదని కండక్టర్ చేత కబురు చెప్పి వెనక్కి వచ్చింది. చాకిరీ ఏమీ తగ్గలేదు, చెలమ దూరమూ తగ్గలేదు. తల్లికి చేసి కూలి తీసుకుంటోందని ఊర్లో కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒక్కరైనా వచ్చి సైదాబీని ఒక పూట పక్కకు తిప్పింది లేదు. వచ్చిన సంతలో హబీబా ఎవరినీ అడగకుండా రవిక గుడ్డ తెచ్చుకుంది.

అయ్యా, అమ్మా, మీ ఇంట్లోనూ ఒక మంచం ఉండవచ్చు, దాని పక్కన వంగిన మనిషి ఒకరుండవచ్చు. ఆమె ప్రేమకు మీరు వెల కట్టలేరు, నిజమే. కానీ ఆమె ప్రేమ చూపిందని ఆమె బతుకంతా ఊరికే వాడుకోకండి, ఆమె పాలు ఆమె ముందు పెట్టండి.