నా గొంతు వైద్యం

2006లో దసరా వెళ్ళిన మూడో రోజున నా గొంతు పట్టేసింది. ఢిల్లీలో అది వింతేమీ కాదు. రావణుణ్ణి తగలబెట్టిన పొగ, అప్పుడే మొదలైన చలిగాలి, బస్సుల దుమ్ము కలిసి ఆ వారంలో ఊళ్ళో సగంమంది గొంతులు పట్టేస్తాయి. కాకపోతే మిగతావాళ్ళు గొంతుతో మాట్లాడుకుంటారు. నేను గొంతుతో బతుకుతాను.

కరోల్ బాగ్‌లో ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో, సివిల్స్ రాసే పిల్లలకు తెలుగు సాహిత్యం ఆప్షనల్ చెప్పేవాణ్ణి. ఒకప్పుడు నేనూ సివిల్స్ కోసమే తెనాలి నుంచి ఢిల్లీ వచ్చాను. నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ తప్పి, ఎలా తప్పకూడదో ఇతరులకు చెప్పే వృత్తిలో స్థిరపడ్డాను. మా ఆవిడ సుభద్ర ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. ఆర్.కె. పురంలో మేముంటున్న క్వార్టరు ఆమెకిచ్చింది. ఆ ఇంట్లో నాదంటూ చెప్పుకోదగ్గది నా గొంతు ఒక్కటే. మైకు లేకుండా నలభైమందికి వినిపిస్తుంది. నేను పద్యం ఎత్తుకుంటే కింద బట్టల దుకాణంలో గుమాస్తా గుడ్డ కొలవడం మానేసి వింటాడని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేవాళ్ళంటే, నేను.

మెయిన్స్ పరీక్షలు ఇంకో ఇరవై రోజుల్లో ఉన్నాయి.

"డిస్పెన్సరీలో చూపించుకోండి. నా ఆఫీసు కార్డుంది కదా" అంది సుభద్ర, టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

"గొంతునొప్పికి డాక్టరా? వంటింట్లో లేని మందు డిస్పెన్సరీలో ఉంటుందా?"

"వంటింట్లో ఏది ఎక్కడుందో మీకు తెలుసా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆఫీసువాళ్ళ చార్టర్డ్ బస్సుకి వెళ్ళిపోయింది.

నిజమే, తెలియదు. మిరియాలు దొరకడానికి పావుగంట పట్టింది. అవి కాఫీపొడి అని రాసి ఉన్న డబ్బాలో ఉన్నాయి. ముందుగా ఉప్పునీళ్ళతో పుక్కిలించాలని నిశ్చయించుకున్నాను. ఉప్పు ఎంత వెయ్యాలో తెలియక, ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందని గ్లాసుకి మూడు చెంచాలు వేశాను. నీళ్ళు కూడా ఎంత వేడిగా ఉంటే అంత మంచిదనుకున్నాను. తరవాత కషాయం. శొంఠి, అల్లం, తులసి ఆకులు, గుప్పెడు మిరియాలు దంచి, రెండు గ్లాసుల నీళ్ళు అరగ్లాసు అయ్యేదాకా మరిగించి, ఊదుకుంటూ తాగాను. కళ్ళవెంట నీళ్ళు కారాయి. మందు పనిచేస్తోందని సంబరపడ్డాను.

సాయంత్రానికి గొంతు ఇంకాస్త బిగిసింది. అయితే కరక్కాయ కావాలనుకుని, మార్కెట్లో మూలికలు అమ్మే దుకాణానికి వెళ్ళాను. అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది, కరక్కాయను హిందీలో ఏమంటారో నాకు తెలియదని. పద్దెనిమిదేళ్ళుగా ఢిల్లీలో ఉన్నవాణ్ణి, భాషాశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి.

"భయ్యా, గలే కే లియే... ఛోటా సా... కాలా... కడ్వా..." అంటూ వేళ్ళతో ఆకారం చూపించాను. దుకాణదారు ఎండు ఉసిరికాయ తీశాడు. కాదన్నాను. జాజికాయ తీశాడు. కాదన్నాను. నా వెనక నిలబడ్డ ముసలావిడ విసుక్కుని, "అరే, హరడ్ మాంగ్ రహే హైఁ!" అంది. ఆవిడకు దణ్ణం పెట్టి కరక్కాయల పొట్లం తెచ్చుకున్నాను.

మర్నాడు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని కరోల్ బాగ్ బస్సు ఎక్కాను. ఎక్కడికని కండక్టరు అడిగితే నోరు తెరవలేక చేత్తో ముందుకు చూపించాను. ఉబ్బిన నా బుగ్గ చూసి పన్ను పీకించుకోవడానికి వెళ్తున్నాననుకున్నాడు కాబోలు, ఒకాయన్ని లేపి నాకు సీటిప్పించాడు. ఏమీ విప్పి చెప్పకుండా కూర్చున్నాను.

క్లాసులో ఫ్లాస్కు నిండా కషాయం పెట్టుకుని పాఠం మొదలుపెట్టాను. అరగంట గడిచేసరికి, ఒక దీర్ఘమైన వాక్యం మధ్యలో గొంతులోంచి తలుపు కీచుమన్నట్టు ఒక శబ్దం వచ్చి, ఆ తరవాత ఏమీ రాలేదు. అక్కడైనా ఆపవచ్చు. ఆపలేదు. మిగిలిన గంటన్నర గుసగుసగా చెప్పాను. వెనక బెంచీలవాళ్ళు ముందుకు వంగి వింటుంటే, ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదే అని మురిసిపోయాను.

మూడో రోజు పొద్దున గుసగుస కూడా పోయింది. సుభద్ర పక్క క్వార్టరు తలుపు కొట్టి తాయారమ్మగారిని పిలుచుకొచ్చింది. ఆవిడ కాలనీ పిల్లలకు సంగీతం చెబుతారు. డెబ్బై ఏళ్ళ వయసులోనూ ఆవిడ గొంతు మెట్లకింది దాకా వినిపిస్తుంది.

టార్చిలైటు నా నోట్లోకి వేసి చూశారు. "ఏం చేశావు నాయనా, లోపలంతా కందిపోయింది?"

నేను సైగ చేస్తే, సుభద్ర వంటింట్లోంచి కషాయం గిన్నె తెచ్చి చూపించింది. తాయారమ్మగారు వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకున్నారు.

"ఇది మనుషులు తాగేదేనా? మిరియాలు నాలుగు చాలు. ఉప్పు ఎంత వేశావు?"

మూడు వేళ్ళు చూపించాను.

"మూడు చిటికెలా?"

కాదని తల ఊపి చెంచా చూపించాను. ఆవిడ నాకేసి కాక, సుభద్రకేసి జాలిగా చూశారు.

"అరచెంచా ఉప్పు, గోరువెచ్చటి నీళ్ళు, రోజుకి మూడుసార్లు. అతిమధురం చిన్న ముక్క చప్పరించు, చాలు. అసలు మందు ఇంకోటుంది. నోరు మూసుకోవాలి. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు. అయిదు రోజులు చూసి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఈలోపు జ్వరమొస్తే అప్పుడే వెళ్ళు."

అయిదు రోజులు! పరీక్షలు దగ్గర పెట్టుకుని! కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు.

ఆ మధ్యాహ్నం క్లాసులో సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాను: "నాకు మాట లేదు. వర్ణ వ్యత్యయం ఎవరైనా చెప్పండి." ఎవరూ లేవలేదు. ముందు బెంచీలో కరీంనగర్ నుంచి వచ్చిన భవ్యశ్రీ అనే అమ్మాయి ఉండేది. అయిదు నెలల్లో నోరు విప్పగా నేను చూడలేదు. ఆమె ఒక్కతే నాకేసి జాలిగా చూస్తున్నట్టనిపించి, సుద్దముక్క ఆమె చేతికిచ్చాను.

ఆమె బోర్డు మీద రెండు మాటలు రాసింది. "నవ్వులాటను నవ్వుటాల అని గూడ అంటరు గద. ల, ట జాగలు మార్చుకున్నయి. అంతే."

అంతే! ఆ పాఠం నేను గంటకు తక్కువ ఎప్పుడూ చెప్పలేదు. అందులో మూడు పద్యాలు, నా విద్యార్థి జీవితంలోని ఒక సంఘటన కూడా వచ్చేవి.

అనంతపురం కుర్రాడు క్రాంతి లేచాడు. "ఏం భవ్యా, ఇంతేనా ఇది? నేనేదో పెద్ద రోగం పేరనుకుంటి!" అందరూ నవ్వారు. తరవాత ఒక చెయ్యి లేచింది. దాని వెనక ఇంకోటి. ఎప్పుడో ఆగస్టులో చెప్పిన సంగతులు కూడా అడిగారు. కొన్నిటికి ఆమె చెప్పింది, కొన్నిటికి క్రాంతి చెప్పాడు. ఒకచోట తప్పు చెబుతుంటే డస్టరుతో బల్ల మీద కొట్టాను. ఒక్కరూ తలతిప్పలేదు. చివరికి లేచి వెళ్ళి బోర్డు మీద దిద్దవలసి వచ్చింది. వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు నేను లేకుండా సాగడం చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, గొంతు కంటే కడుపు ఎక్కువ మండింది.

అందరూ వెళ్ళాక భవ్యశ్రీని ఆపి కాగితం మీద రాసి చూపించాను: "నా పాఠం అర్థం కాదా?"

ఆమె ఇబ్బందిగా నిలబడింది. "అర్థం గాదని కాదు సార్. మీరు చెప్తుంటే మస్తుగుంటది. రూముకు పోయి పుస్తకం దీస్తే మాత్రం ఏం యాదికుండది."

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని రాశాను.

అది చదివి నవ్వు ఆపుకుంది. "ఎప్పుడు చెప్పాలె సార్? మీరు ఆగరు గద."

ఇంటికెళ్ళి జరిగిందంతా రెండు పేజీలు రాసి సుభద్రకిచ్చాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె చదివి, మడిచి, "ఆ అమ్మాయికి ధైర్యం ఎక్కువ. పెళ్ళయి పదిహేడేళ్ళయినా నేను చెప్పలేకపోయాను" అంది. తరవాత తన ఆఫీసులో బదిలీల గొడవ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. మధ్యలో నేను అడ్డం రాకపోవడంతో ఆ గొడవలో ఎవరిది తప్పో మొదటిసారి నాకు తెలిసింది.

మిగిలిన నాలుగు రోజులూ పిల్లలే పాఠం నడిపారు. నేను వాళ్ళ జవాబు పత్రాలు దిద్దాను. అంతకుముందూ దిద్దేవాణ్ణి, కానీ మార్కులు వెయ్యడానికే తప్ప చదవడానికి కాదు. నలభైమందిలో ముప్ఫైమంది నా మాటలే రాశారు. "గంభీర ధీర ప్రవాహ సదృశమైన శైలి" అని కవి ఎవరైనా సరే అదే రాశారు. ఆ మాటలకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకూ తోచలేదు. సిగ్గేసింది. ఎర్ర సిరాతో ఒక్కొక్కటీ కొట్టేస్తూ కూర్చున్నాను.

ఆరో రోజున గొంతు తిరిగొచ్చింది. క్లాసుకి వెళ్ళి, పది నిమిషాలకోసారి బల్ల మీద తట్టమని, తడితే ఆగుతానని క్రాంతితో ఒప్పందం చేసుకున్నాను. మొదటి రోజు పదకొండుసార్లు తట్టాడు. నాలుగుసార్లు ఆగాను. పరీక్షలు వచ్చేసరికి ఏడుసార్లు ఆగగలిగాను. ఆ ఏడు చోట్లా పిల్లలు అడిగినవే నేనిప్పటికీ చెబుతున్న మంచి పాఠాలు.

మార్చి నెలలో భవ్యశ్రీ స్వీట్ల పెట్టెతో మా ఇంటికి వచ్చింది. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందట. ఆ ఏడాది ఆమెకు రెవెన్యూ సర్వీసు వచ్చింది. అందులో నా పాత్ర ఎంతో మీరే చూడండి.

"ఇంటర్వ్యూల ఎట్ల మాట్లాడాలె సార్?" అని ఆ రోజు అడిగింది, నోటుబుక్కు తీసి.

"టూకీగా మాట్లాడాలి" అన్నాను. ఎందుకు టూకీగా మాట్లాడాలో, టూకీగా మాట్లాడకపోతే ఏమవుతుందో, నా నాలుగో ప్రయత్నంలో ఏమైందో వివరించేసరికి నలభై నిమిషాలయింది. సుభద్ర రెండుసార్లు కాఫీ ఇచ్చి వెళ్ళింది.

భవ్యశ్రీ చాలా మర్యాదగా వింది. పెన్ను మూత మాత్రం తియ్యలేదు.