స్లాత్ ఎలా పుట్టింది

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అక్కది. ఇరవై ఏళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. ఆమె చేతికిచ్చిన కళ్లజోడు ఆలస్యంగా వస్తుంది గానీ మళ్లీ రిపేరుకు రాదని యజమాని అందరికీ ముందే చెప్పేవాడు.

నిదానం ఆమెకు పుట్టుకతో వచ్చింది. జబ్బేమీ కాదు. "నువ్వు తెమిలేసరికి తెల్లారుతుందే" అని తల్లి విసుక్కునేది. బడిలో అందరూ నత్త అనేవారు. ఆ మాట అనని మనిషి చెల్లెలొక్కతే. అక్క బూట్ల తాళ్లు కట్టుకునేదాకా గేటు దగ్గర నిలబడి, ఆలస్యానికి పడే చీవాట్లలో సగం తను తినేది.

ఆ చెల్లెలు పెద్దయ్యాక బొమ్మలు గీయడమే బతుకుతెరువు చేసుకుంది. నోటు పుస్తకాల అట్టలు, కప్పులు, పిల్లల దుప్పట్లు, ఏవంటే అవి. తల్లిదండ్రులు పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఆ వ్యాపారంలో ఏడాదికో జంతువు గాలి వీస్తుంది. ఒకసారి గుడ్లగూబ, ఒకసారి నక్క, ఆ తర్వాత లామా. అడిగినవన్నీ గీసేది గానీ ఆమె మనసంతా స్లాత్ మీదే. కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ, అన్నిటికంటే నిదానంగా కదిలే ఆ జంతువు ఫొటోలు తన గది గోడలకు అంటించుకుంది.

"ఏముందే దీంట్లో? దేవాంగపిల్లికి ఒళ్లొచ్చినట్టుంది" అనేది అక్క.

"దానికి ఎవరితోనూ పోటీ లేదక్కా. చూస్తుంటే ప్రాణం కుదుటపడుతుంది."

చివరికి స్లాత్‌కీ రోజొచ్చింది. ఒక స్టేషనరీ కంపెనీ చెల్లెలి బొమ్మను తీసుకుంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కప్పును రెండు చేతులా పట్టుకుని, ఎవరో పిలిస్తే ఇంకా వింటున్నట్టుండే స్లాత్ అది. ఆ ఏడాది ఏ బడి సంచి చూసినా అదే. అక్క పొంగిపోయింది. తన పనిముట్ల పెట్టెకు ఆ స్టిక్కరు అంటించి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "మా చెల్లెలు గీసింది" అని చెప్పేది.

కంపెనీ కొత్త షోరూము తెరుస్తూ బొమ్మల ప్రదర్శన పెట్టింది. "నువ్వెందుకులే అక్కా, కూర్చోడానికి కూడా చోటుండదు" అంది చెల్లెలు. మొహమాటపడుతోందనుకుంది అక్క. ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, చెప్పకుండా వెళ్లింది.

లోపల ఒక గోడ మీద పెద్దక్షరాలతో "స్లాత్ ఎలా పుట్టింది" అని రాసి ఉంది. దాని కింద స్కెచ్ పుస్తకంలోని కాగితాలు వరసగా ఫ్రేములు కట్టి పెట్టారు. మొదటిదాంట్లో ఒక ఆడమనిషి బల్ల మీదికి వంగి పట్టకారుతో ఏదో బిగిస్తోంది. మొహం గీయలేదు. అయినా ఆ కూర్చున్న తీరు, కాస్త కిందికి జారిన ఎడమ భుజం చూడగానే అక్కకు తెలిసిపోయింది. రెండోదాంట్లో చేతులు సాగాయి. మూడోదాంట్లో వేళ్లు మూడే మిగిలి, గోళ్లు పెరిగాయి. నాలుగోదాంట్లో ఒళ్లంతా బొచ్చు వచ్చింది. పక్కన చెల్లెలి చేతిరాత: "కుర్చీలోంచి లేవడానికి పదకొండు సెకన్లు. మెట్టు మెట్టుకీ ఆగుతుంది. పిలిస్తే ముందు చూపు తిరుగుతుంది, తర్వాత మెడ." కింద తేదీలున్నాయి. నాలుగేళ్ల నాటివి.

పక్కన నిలబడ్డ ఆవిడ నవ్వుతూ, "ఎవరో గానీ, మా ఆయన కూడా అచ్చం ఇంతేనండీ" అంది.

అక్క కూడా నవ్వింది. నవ్వకపోతే అది తనేనని తెలిసిపోతుందేమోనని భయమేసింది.

గది అవతలి నుంచి చెల్లెలు ఆమెను చూసి, ఉన్నచోటే నిలబడిపోయింది. అక్క తలుపు వైపు తిరిగింది. గబగబా నడవబోయి గుమ్మం దగ్గర తడబడింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపితే, ఫర్వాలేదండీ అని విడిపించుకుని బయటపడింది.

చెల్లెలు ఇంటికొచ్చేసరికి అక్క వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది.

"ప్రేమతోనే గీశానక్కా. ఒట్టు."

"నాలుగేళ్లు గీశావు."

"నీలా కదిలే మనిషిని నేనెక్కడా చూడలేదు. అది ఎగతాళి కాదు."

"కాకపోతే నాకెందుకు చూపించలేదు?"

చెల్లెలు తల దించుకుంది. "చెబితే నువ్వు మామూలుగా ఉండలేవని."

"ఇప్పుడు ఉండగలనా?"

అక్కే మళ్లీ అంది, "అందరూ నన్ను నత్త అన్నారు. మొహం మీదే అన్నారు. నువ్వు పైకి అనలేదు, వాచీ చూసుకుంటూ రాసుకున్నావు. నేను తింటుంటే పక్కనొచ్చి కూర్చునేదానివి. నాకు తోడు కూర్చున్నావనుకున్నానే."

మర్నాడు చెల్లెలు కంపెనీ వాళ్లతో గొడవపడి ఆ కాగితాలు గోడ మీంచి తీయించింది. అక్క వద్దనలేదు, మంచిపని చేశావనీ అనలేదు. దుకాణంలో కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ తన లోపల ఎవరో లెక్కపెడుతున్నట్టుండేది. తొందరపడి ఒక్క వారంలోనే రెండు అద్దాల అంచులు పగలగొట్టింది. ఇరవై ఏళ్లలో అలా ఎన్నడూ జరగలేదు.

"నిన్నెవరు తరుముతున్నారమ్మా?" అన్నాడు యజమాని.

నెల తిరిగేసరికి చెల్లెలు వేరే ఇల్లు చూసుకుంది. పోట్లాడుకుని విడిపోలేదు. వారానికోసారి ఫోన్ చేసుకునేవారు. ఫోన్లో అక్క తీరిగ్గా మాట్లాడేది. చూసేవాళ్లు లేరు కదా. ఏడాది గడిచేసరికి స్లాత్ గాలి తగ్గిపోయింది. కంపెనీ వాళ్లిప్పుడు నీటిపిల్లి కావాలంటున్నారని చెల్లెలు చెప్పింది.

"గీస్తున్నావా?"

"గీస్తున్నా గానీ కుదరడం లేదు. ఒకసారి రానా అక్కా?"

"రా. పుస్తకం, పెన్సిలు తీసుకురాకు."

చెల్లెలు ఉత్తి చేతులతోనే వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఇరుగుపొరుగు గురించి, దుకాణం గురించి మాట్లాడుకున్నారు. ఒకచోట నవ్వుకున్నారు కూడా. టీ పెట్టడానికి అక్క లేవబోతుంటే చెల్లెలి చూపు ఆమె మోకాళ్ల మీదికి, అక్కణ్నుంచి చేతుల మీదికి వెళ్లింది. ఆ సంగతి చెల్లెలికే తెలియలేదు. అక్క మాత్రం గమనించింది.

మళ్లీ కూర్చుంది.

"టీ నువ్వు పెట్టవే" అంది. "డబ్బాలు ఎక్కడుంటాయో నీకు తెలుసుగా."