రెండో ట్రే సాక్ష్యం

చావాల్సిన మొలకలు చావలేదు.

1988 మే నెల. కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం. రెండు ట్రేలలో ఐదు రోజుల జొన్న మొలకలు. మొదటి ట్రేని రెండు గంటలు నలభై డిగ్రీల వేడికి అలవాటు చేసి, ఆ తర్వాత యాభై డిగ్రీల పెట్టెలో పెట్టారు. రెండో ట్రే చల్లని ఏసీ గదిలోంచి నేరుగా ఆ పెట్టెలోకే వెళ్లింది. మొదటిది బతకాలి. రెండోది మాడిపోవాలి. పరిశోధకురాలు ప్రమోదిని మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాఫీసరు దయాకర్‌రావు కళ్లముందు చేసిన నాలుగోసారి మాత్రం రెండు ట్రేలూ పచ్చగా నిలబడ్డాయి.

"ముందటి మూడూ కాగితం మీద చేసినవా అమ్మా?" అన్నాడాయన.

"లేదు సార్!"

"మరి గిదేంది? వారం టైమిస్తున్న. కారణం దొరకకుంటే ప్రాజెక్టు బంద్."

ప్రమోదినికి ఒక్కటే ఆశ. పెట్టెలో పెట్టే ముందే రెండు ట్రేల నుంచీ కొన్ని ఆకులు కత్తిరించి, ఐసు ఫ్లాస్కులో హైదరాబాద్ ల్యాబుకు పంపింది. కాస్త వేడి తగలగానే మొక్క కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. తర్వాత పెద్ద వేడి వచ్చినప్పుడు మిగతా ప్రోటీన్లు ముద్దకట్టి పాడవకుండా అవి కాపు కాస్తాయి. చల్లగా పెరిగే మొక్కలో అవి దాదాపు కనిపించవు.

ఆరో రోజు ల్యాబు నుంచి ఫిల్ము వచ్చింది. ఆ ప్రోటీన్లు ఉన్నచోట అందులో నల్లటి గీత పడుతుంది. కిటికీ వెలుగులో పట్టుకు చూసింది. మొదటి ట్రే వరుసలో నల్లటి గీతలు. రెండో ట్రే వరుస ఖాళీగా ఉండాలి. లేదు. అక్కడా అవే గీతలు.

రెండో ట్రే పెట్టెలోకి వెళ్లకముందే ఎక్కడో వేడి తిన్నది. ఆకే సాక్ష్యం చెబుతోంది.

ఏసీ గది తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ప్రయోగం రోజు ఉదయం ప్రమోదిని దయాకర్‌రావు కోసం పెద్దపల్లి స్టేషన్‌లో ఉంది. రెండో తాళంచెవి ఇస్తారిది.

ఇస్తారికి యాభై దగ్గర. పద్నాలుగేళ్లుగా ఇక్కడ రోజుకూలి. ఈసారి అతని పేరు పర్మినెంటు జాబితాలో చేరింది. ఇప్పుడు తప్పితే వయసు దాటిపోతుంది. ఆ ఫైలు దయాకర్‌రావు సంతకం కోసం ఎదురుచూస్తోంది.

అతను షెడ్డు వెనక ట్రేలు కడుగుతున్నాడు.

"ఇస్తారీ, ఆ రోజు రెండో ట్రే బయట పెట్టినవా?"

"పెట్టిన." దాచలేదు. "వరండల, ఎండకు. రెండు గంటలు. మల్ల లోపల వెట్టిన."

"ఎందుకు?"

"మూడుసార్లు సూసిన గదమ్మా. నువ్వు దాన్ని నీడల వెట్టి సాదుతవు. పెట్టెల వడంగనే సస్తది. పెద్దసారు ముంగట గూడ సస్తే నీ ఇజ్జత్ పోదా? మా ఇంట్ల మిరపనారు పీకే ముందు నీళ్లు బంద్ చేసి ఎండకు మప్పుతం. లేకుంటే చేన్ల వెట్టంగనే వాలిపోతది. గట్లనే చేసిన."

"అది చావాల్సిందే ఇస్తారీ. అప్పుడే మొదటిది ఎందుకు బతికిందో తెలుస్తది."

ఇస్తారి చేతిలో ట్రే ఆగిపోయింది. "సంపనీకి పెంచుతమని నాకెవరు చెప్పిండ్రమ్మా?"

ఎవరూ చెప్పలేదు. ట్రేలు జాగ్రత్త అని మాత్రం ఆమె రోజూ చెప్పేది. అతను జాగ్రత్తగానే చూసుకున్నాడు.

మర్నాడు జీపు వచ్చింది. ఫిల్ము చూసి దయాకర్‌రావు ముఖం విప్పారింది.

"అంటే నీ ప్రయోగం సరైందే! ట్రే బయట పెట్టిందెవడు? పేరు రాసియ్యి. నీ ప్రాజెక్టు నిలవడ్తది."

"రాస్తే అతనికేమైతది సార్?"

"ఏమైతది? రేపటి నుంచి రావద్దని చెప్త."

గుమ్మంలో నిలబడ్డ ఇస్తారి నోరు తెరిచాడు. "సారూ, గా ట్రే..."

"నువ్వు ఆగు!" అంది ప్రమోదిని. కాగితం లాక్కుని గబగబా రాసింది. 'రెండో ట్రేని నీడలోనే ఎందుకు ఉంచాలో నేను సిబ్బందికి చెప్పలేదు. అందువల్ల అది ఎండలోకి వెళ్లింది. తప్పు నాది.' కింద సంతకం చేసింది.

దయాకర్‌రావు చదివాడు. గుమ్మం వైపు ఒకసారి చూశాడు. అంతా అర్థమైంది.

"గీ కాగితం ఫైల్ల వడితే నిన్ను ప్రాజెక్టు మీద ఉంచలేనమ్మా. పని నడుస్తది, నువ్వుండవు. నీ జాగల ఇంకొకరు వస్తరు."

"తెలుసు సార్."

"ఆలోచించుకో."

"ఆలోచించే రాసిన."

ఆయన పెన్ను మూత తీశాడు. ఆ కాగితం పెట్టిన ప్రాజెక్టు ఫైలు మీదా, ఇస్తారి పర్మినెంటు ఫైలు మీదా సంతకం చేసి లేచాడు.

జీపు గేటు దాటింది. ఇస్తారి దండం పెట్టలేదు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గొంతులో కోపమే ఉంది.

"ముందుగాల చెప్తే నేను ముట్టేటోన్నా అమ్మా? పద్నాలుగేండ్లాయె. గిదేంది, గదేందని ఒక్కరన్న చెప్పిండ్రా?"

"లేదు," అంది ప్రమోదిని.

అతను నేల మీద కూలబడబోతే చెయ్యి పట్టి ఆపి, దయాకర్‌రావు కూర్చున్న కుర్చీనే ముందుకు జరిపింది. జూన్ ఒకటిన ఆమె స్థానంలో కొత్త మనిషి వస్తాడు. అప్పటికి పదకొండు రోజులున్నాయి.

"కూసో ఇస్తారీ," అంది. "మొదటి ట్రే నుంచి చెప్త."