గంజి ఆరకముందే

"ఇయ్యాల మన పడుగు పట్టనీకి ఒక్కలు గూడ రారు సూడు. నా పానం గట్లనే జెప్తాంది," అన్నది ఎస్తేరు, జొన్నగంజి కుండ దింపుతూ. ఇంకా కోడి కూయలేదు.

కొడుకు యాకోబు పడుగు దారాలు చాచడానికి వీధికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి గుంజలు పాతుతున్నాడు. తల్లి భయాలు అతనికి అలవాటే. మబ్బు పడితే పిడుగంటుంది, ఎవరైనా తుమ్మితే గత్తర రోగం అంటుంది. కానీ ఈసారి ఆమె భయం ఉత్తది కాదు.

ఆదివారం మేడ్చల్‌లో నేతగాండ్ల సంఘం కూడింది. యాకోబు లేచి నిలబడి ఒక్కటే అడిగాడు. సర్కారు కంట్రోలు కింద ఇచ్చే నూలు సంఘం పేరునే వస్తున్నది, మగ్గాలకు సగమే అందుతున్నది, మిగతా సగం ఎటు పోతున్నది? సంఘం పెద్ద బాలనర్సయ్య నవ్వి, పొద్దుపోయింది, మళ్ళీ మాట్లాడుకుందాం అన్నాడు. శామీర్‌పేటకు తిరిగొచ్చే దారిలో యాకోబు వెంట నడిచినవాళ్ళు ఒక్కొక్కరే వెనకబడిపోయారు.

సంఘం మొదట ఇట్లా లేదు. యుద్ధానికి చాలా ముందు, ఎస్తేరు పెనిమిటి జక్కయ్యా, ఎదురింటి గౌరయ్యా కలిసి దాన్ని పెట్టారు. పడుగుకు గంజి పెట్టడం ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. దారాలు వీధి పొడుగునా చాచి, రెండు పక్కలా మనుషులు నిలబడి, గంజి ఆరకముందే కుంచెలతో దువ్వుకుంటూ పోవాలి. ఎండ పొడిచిందంటే దారానికి దారం అంటుకుపోతుంది. ఇక ఆ పడుగు మగ్గానికి ఎక్కదు. అందుకే ఒకరి పడుగుకు అందరూ చేతులు పెట్టాలనుకున్నారు. పద్మశాలి ఇండ్లూ, కిరస్తానీ ఇండ్లూ ఒకే పడుగుకు నిలబడడం ఆ చుట్టుపట్ల అదే మొదలు. కట్టుబాటు కూడా ఒక్కటే: నలుగురి నూలు బయట అమ్ముకున్నవాడి పడుగు ఎవరూ ముట్టకూడదు. జక్కయ్య ఆ మాట చెప్పిన నాడు అందరికీ జొన్న గట్క వండి పెట్టింది ఎస్తేరే.

యుద్ధంలో నూలుకు కంట్రోలు వచ్చాక పట్నం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి కావాలన్నారు. ఉర్దూ వచ్చిన నూలు వ్యాపారి బాలనర్సయ్య పెద్ద అయ్యాడు. మగ్గం గుంటలో ఏనాడూ కాలు పెట్టని మనిషి. ఆ ఏడే జక్కయ్య గత్తరతో పోయాడు.

కోడి కూసింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. యాకోబూ అతని భార్య కృపమ్మా చెరో పక్క నిలబడి దువ్వుతున్నారు. కృపమ్మకు నెలలు నిండాయి. ఈ పడుగు చీరలైతేనే పురుటినాటికి ఇంట్లో గింజలుంటాయి. ఇది చెడితే మళ్ళీ నూలు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. ఎస్తేరు గోడవారన చేతులు ముడుచుకుని నిలబడింది. మొగుడు పోయిన ఆడదాని చెయ్యి కొత్త పడుగుకు తగలకూడదని పట్టింపు. ప్రార్థన చేసుకునే ఇల్లయినా అది పోలేదు. అప్పట్నుంచి ఆమె నూలు కండెలు చుట్టడమే గానీ పడుగు దగ్గరికి రాలేదు.

"నీకు దండం పెడ్త బిడ్డా, తప్పయిందని ఒక్క మాట అను," అని ఆమె కొడుకును బతిమాలుతుండగానే ఎడ్ల కచ్చురం బండి వచ్చి ఆగింది.

బాలనర్సయ్య దిగి పడుగు పక్కకు వచ్చాడు. యాకోబు వైపు చూడలేదు. భయపడే మనిషితో పని సులువని తెలిసినవాడు.

"ఏం ఎస్తేరమ్మా, సేతులు సాల్తలెవ్వా? నీ పెనిమిటి పెట్టిన కట్టుబాటే గదా. సంఘాన్ని బద్నాం జేసినోని పడుగుకు మనుషులు రారు. నీ కొడుకు అబద్ధమాడిండని నువ్వే జెప్పు, సాలు. గీ తలుపులన్నీ ఇప్పుడే తెరుస్తయి."

తలుపు సందుల్లో కళ్ళున్నాయి. గౌరయ్య తన గడపలోకి వచ్చి ఆగాడు. చేతిలో కుంచె ఉంది, కాలు మాత్రం కదలడం లేదు. కృపమ్మ నడుము పట్టుకుని కూలబడింది. ఎండ ఇండ్ల కప్పుల మీద నుంచి దిగుతున్నది. పడుగు అంచు తెల్లబడుతున్నది.

పోలీసు అమీను వచ్చి కొడుకును ఠాణాకు ఈడ్చుకుపోయినట్టూ, కోడలు పస్తులతో పురుడు పోసుకున్నట్టూ, మగ్గం గుంటలో బూజు పట్టినట్టూ అన్నీ ఎస్తేరు కళ్ళముందే జరిగిపోయాయి.

"జల్దీ జెప్పు, ఆరిపోతాంది," అన్నాడు బాలనర్సయ్య.

ఆమె గోడ వదిలి వచ్చింది. కోడలి చేతిలోని కుంచె తీసుకుని, తడి దారాల మీద ఆనించింది. ఎవరో తలుపు వెనక అయ్యో అన్నట్టు వినిపించింది. ఆమె గౌరయ్య వైపు ఒకసారి చూసి, బాలనర్సయ్య వైపు తిరిగింది.

"గా కట్టుబాటు పెట్టిన్నాడు గట్క ఒండింది నేనే, సేటూ," అన్నది చివరికి. "నూలు అమ్ముకున్నోని కోసం పెట్టిండ్రు. నా కొడుకు అమ్మలే. వాడు అబద్ధమాడిండని నేను జెప్ప."