తడి చెయ్యి

మామిడికాయను కడిగాక తుడవాలి, తుడిచాక ఆరబెట్టాలి, ఆరాక మళ్ళీ తుడవాలి. ముచ్చిక దగ్గర చిన్న గుంట ఉంటుంది. నీళ్ళు అక్కడ దాక్కుంటాయి. పాత నూలుబట్ట కొసను మెలిపెట్టి ఆ గుంటలో తిప్పితే తప్ప బయటికి రావు. 2011 జూన్‌లో, అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మేం అద్దెకుంటున్న టౌన్‌హౌస్ వంటింట్లో, నా కూతురు జాహ్నవి పసిగుడ్డుగా ఉన్నప్పటి బట్టలు నేలమీద పరిచి, నేను రెండు రోజులు కాయలు తుడిచాను.

"తడి చెయ్యి తగిలిందా, జాడీ మొత్తం పారబొయ్యాల్సిందే," అన్నారు మా అత్తయ్య పద్మజగారు సోఫాలోంచి. ఆవిడ ఆరు నెలలు ఉండడానికి వచ్చి అప్పటికి రెండు నెలలైంది. ఆవకాయ నాకు మా అమ్మ నేర్పింది. ఆ సంగతి అత్తయ్యకీ తెలుసు. అయినా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "ఇది మా ఇంటి పద్ధతి" అనే చెప్పేవారు. కాయలు కొనడానికి వెళ్ళేముందు నన్ను ఒకటే అడిగారు, "నెలసరి తేదీ చూసుకున్నావా?" అని. హాల్లో, నా భర్త ఉమాకాంత్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉండగా. ఆయన తలెత్తలేదు. నేను తలూపాను. ముక్కలు మాత్రం ఆయనే కొట్టారు, అత్తయ్య సూట్‌కేసులో పెట్టుకొచ్చిన కత్తిపీటతో, గరాజ్‌లో న్యూస్‌పేపర్లు పరుచుకుని. ఆ గంట పని చాలు, ఏడాదంతా ఫ్రెండ్స్‌తో "ఆవకాయ మేం ఇంట్లోనే పెట్టుకుంటాం" అని చెప్పుకోవడానికి.

ఇంత ఆవకాయ మా కోసం కాదు. ఉమాకాంత్ ప్రాజెక్ట్ లీడ్ తేజేశ్వర్ గారి భార్య గీతాంజలి తన చెల్లెలి పెళ్ళి జులైలో నార్త్ కరోలినాలో, అవుటర్ బ్యాంక్స్ అనే చోట, సముద్రం ఒడ్డున చేస్తోంది. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక చిన్న గాజుసీసా ఆవకాయ ఇవ్వాలని ఆవిడ ముచ్చట. "నీ చేతిలో ఏదో ఉంది శ్రీవల్లీ. బయట చేయిస్తే ఆ రుచి రాదమ్మా. నూట ఇరవై సీసాలే, కాదనకు," అంది ఫోన్‌లో. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. నూట ఇరవై సీసాల ఆవకాయ మాత్రం పెట్టొచ్చు. సరే అన్నాను. మొహమాటానికి అన్నాననే అందరూ అనుకున్నారు. నేను సముద్రం కోసం అన్నాను.

మాది ఉప్పాడ. కాకినాడ కాలేజీకి బీచ్ రోడ్డు మీదుగా బస్సులో వెళ్ళేదాన్ని. వెళ్ళేటప్పుడు ఎడమ కిటికీ, వచ్చేటప్పుడు కుడి కిటికీ నావి. ఆ సీటు కోసం రెండు బస్సులు వదిలేసిన రోజులున్నాయి. ఒళ్ళో బోటనీ రికార్డు, పేజీల మీద ఉప్పు తుంపర, ఆకుల బొమ్మల చుట్టూ పెన్సిల్ గీతలు చెమ్మగిల్లి ఉబ్బేవి. రెండో ఏడు పరీక్షలైన నెలకి సంబంధం వచ్చింది. "ఫైనల్ ఇయర్ అక్కడ చదువుకుంటుంది, అమెరికాలో కాలేజీలకి కొదవా?" అన్నారు పెళ్ళిచూపుల్లో. ఎవరన్నారో గుర్తు లేదు. అందరూ తలూపారు, నేను కూడా. అందుకేనేమో చదువు అనగానే నాకిప్పటికీ ఉప్పువాసన వస్తుంది. చదువూ సముద్రమూ నాకు ఒకే నెలలో దూరమయ్యాయి. నాలుగేళ్ళు. ఆష్‌బర్న్ నుంచి కార్లో నాలుగు గంటలు వెళితే సముద్రం ఉంది. వెళదామంటే ఉమాకాంత్ దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జవాబుండేది. "ఈ వీకెండ్ ఆఫీసులో రిలీజ్ ఉంది." "పాప కాస్త పెద్దదవ్వనీ." "అయినా సముద్రంలో ఏముంది శ్రీవల్లీ, నీళ్ళేగా."

భయపడడంలో నేనూ తక్కువదాన్ని కాదు. జాహ్నవి నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేస్తాను. కార్ సీట్ బెల్టు మూడుసార్లు లాగి చూస్తాను. పెళ్ళి కబురు తెలిసినప్పటినుంచి, పిల్లల్ని అలలు లాక్కెళ్ళిన వార్తలు వెతికి మరీ చదివాను. చదివి, పక్క ట్యాబ్‌లో ఆ బీచ్ ఫొటోలు చూశాను. మళ్ళీ వార్తలు. అలా ఒకరోజు జాహ్నవి కార్టూన్ రెండుసార్లు మొదటినుంచి తిరిగింది, నాకు తెలియనే లేదు.

చివరికి ఉమాకాంత్‌ని అడిగాను. "ఒక్క పొద్దున చాలండీ. సూర్యుడు వచ్చే వేళకి నేనూ, జాహ్నవీ కాసేపు నీళ్ళలో నిలబడాలి."

"పిచ్చిదానా, పెళ్ళే బీచ్‌లో. ఇంక సముద్రమే సముద్రం," అన్నారాయన.

సీసాల మూతలు ప్రయాణంలో నూనె కారుస్తాయని, ఆవకాయని పెద్ద టబ్బులో తీసుకెళ్ళి అక్కడే నింపాలని అనుకున్నాం. ఆరు గంటలు ఆ టబ్బును రెండు పాదాల మధ్య పట్టుకుని కూర్చున్నాను. శుక్రవారం సాయంత్రం చేరేసరికి వాన. సముద్రం కనపడలేదు, హోరు మాత్రం వినపడుతోంది. పెళ్ళికని గీతాంజలి వాళ్ళు అద్దెకు తీసుకున్న ఇంట్లోకి అడుగుపెట్టి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పిల్లల డాక్టర్ ఆఫీసులో ఇంటి అలంకరణ మ్యాగజీన్లు ఉంటాయి. పాతవి అడిగి తెచ్చుకుని, నచ్చిన పేజీలు కత్తిరించి, నా డిగ్రీ మార్కుల లిస్టు ఉన్న ఫోల్డర్‌లోనే దాచుకుంటాను. ఆ పేజీలన్నీ కలిపి ఎవరో ఇల్లు కట్టేసినట్టుంది. తెల్ల చెక్కగోడలు. నీలి చారల దిండ్లు. కిటికీ అంచున గాజుగిన్నె నిండా గవ్వలు. గోడకి అరచెయ్యి ఆనించి చూశాను. మా హాల్లో ఉన్నది ఇండియా వెళ్ళిపోతున్నవాళ్ళు వదిలేసిన నల్ల లెదర్ సోఫా. "ఇంత తెలుపు ఎవరు తుడుస్తారే తల్లీ," అన్నారు అత్తయ్య వెనకనుంచి. తుడవడం నాకు కొత్త కాదు. నాది అనుకున్నదాన్ని తుడిస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని ఉంది, అంతే.

"సీసాల సంగతి నాకొదిలెయ్. పొద్దునకి రెడీగా ఉంటాయి. నువ్వు వచ్చి నింపడమే," అంది గీతాంజలి భోజనాల దగ్గర. పదిన్నరకి ముహూర్తం. ఐదున్నరకి నీళ్ళలోకి వెళ్ళొస్తే ఏడింటికల్లా కూర్చుని నింపేయొచ్చని లెక్క వేసుకున్నాను.

తెల్లవారుతుండగా జాహ్నవిని ఎత్తుకుని కిందికి దిగాను. వంటింటి గట్టు మీద నూట ఇరవై సీసాలు, వరసగా, మెరుస్తూ. ఎందుకో ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అడుగున నీటిబొట్లు. ఇంకోటి తీశాను. ఇంకోటి.

గీతాంజలి కాఫీ కప్పుతో వచ్చింది. "ఎలా ఉన్నాయి? డిష్‌వాషర్‌లో మూడు ట్రిప్పులు వేశాను. హైజీన్ కదా."

"అక్కా, ఇవి తడిగా ఉన్నాయి."

"తుడిస్తే పోతుందిగా?"

"ఈ చెమ్మ మీద పోస్తే నెల తిరక్కుండా బూజు పడుతుంది. ఒక్కోటీ తుడిచి, ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టాలి."

ఆవిడ మొహం పాలిపోయింది. పుట్టింట్లో ఆవిడా ఆవకాయ తిని పెరిగినదే, పెట్టేవాళ్ళు మాత్రం వేరే ఉండేవారు. "అయ్యో. పెళ్ళివారికి బూజు పట్టిన సీసాలు ఇస్తామా! ఇప్పుడెలా?" అని, వెంటనే నా భుజం మీద చెయ్యేసింది. "నువ్వున్నావుగా, నాకేం దిగుల్లేదు. మేకప్ ఆవిడ వచ్చేసింది, నేను పైకి వెళ్ళనా?"

సీసా మూతి ఇరుకు. నా చెయ్యి పట్టదు. చెంచా కాడకి బట్ట చుట్టి తిప్పాను. ఇరవై చొప్పున ఓవెన్‌లో పెట్టి తీశాను. జాహ్నవి తెరుచుకుని వెళ్ళిపోతుందేమోనని గాజుతలుపుకి కుర్చీ అడ్డం పెట్టాను. ఆ తలుపు అవతల సూర్యుడు వచ్చాడు. ఇక్కడా తూర్పు సముద్రమే, మా ఉప్పాడలో లాగే నీళ్ళలోంచే వస్తాడు. మొదట గాజు ఎర్రబడింది, తర్వాత సీసాలు, తర్వాత నా చేతులు. జాహ్నవి అద్దానికి ముక్కు ఆనించి, "అమ్మా, వాటర్," అంది.

"ఇదైపోగానే, నాన్నా."

"వాటర్ గో."

"కాస్త ఆగమ్మా, ఇదైపోనీ."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో విని నాకే ఆశ్చర్యం వేసింది. నాలుగేళ్ళుగా నేను వింటున్న గొంతు అది.

అత్తయ్య పట్టుచీర కట్టుకుని దిగారు. "పిల్లకి జుట్టు దువ్వలేదేం?" అని, నగల పెట్టె ఎక్కడుందో అడిగి, నలుగురితో కలిసి ఇసుకలోకి వెళ్ళారు. పదిన్నరకి నేను మొదటి సీసా నింపుతున్నాను. పెళ్ళి అద్దంలోంచి చూశాను, సౌండ్ లేని టీవీలా. గాలికి హోమం అంటుకోవడం లేదు. అట్టపెట్టెలు చింపి నలుగురు మగవాళ్ళు చుట్టూ అడ్డం నిలబడ్డారు. పెళ్ళికూతురు నవ్వుతోంది. తలంబ్రాలు ఒకరి నెత్తిన పోస్తే ఇంకొకరి మీద పడుతున్నాయి. వాళ్ళందరి వెనకా, ఎవరూ చూడకుండానే, అల వచ్చి వెళుతోంది.

ప్రతి సీసాకీ జనపనార దారంతో ఒక అట్టచీటీ కట్టాలి. చీటీల కట్ట గీతాంజలి ముందురోజే ఇచ్చింది, నేను ఇప్పుడు విప్పాను. వంకర అక్షరాల ఇంగ్లీషులో, "గీతాంజలి వంటింటి నుంచి, ప్రేమతో."

మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చిన ఉమాకాంత్‌కి ఒకటి చూపించాను. ఆయన చదివి, తిప్పి చూసి, నా చేతిలో పెట్టారు. "పేరుదేముంది శ్రీవల్లీ. తిన్నవాళ్ళకి తెలుస్తుందిగా ఎవరు చేశారో." ఆయన ప్రేమగానే అన్నారు. మంచినీళ్ళ సీసా తీసుకుని, గట్టు మీది పేపర్ టవల్‌తో నా నుదుటి మీద చెమట తుడిచి మరీ వెళ్ళారు. తిన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? అడగాలనుకునేలోపు తలుపు మూసుకుంది. నూట ఇరవై చీటీలు నేనే కట్టాను. ముడి ఒక్కటి కూడా వదులు కాలేదు. ఏ పనీ సగంలో వదిలే అలవాటు నాకు లేదు. నా చదువొక్కటే సగంలో ఉంది.

చివరి సీసా పెట్టి, టబ్బు అంచు తుడిచి, మూత బిగించాను. అప్పుడు కుర్చీ జరిపి, జాహ్నవిని చంకనేసుకుని బయటికి నడిచాను.

ఇసుక కాలుతోంది. పెళ్ళి అయిపోయి జనం ఫొటోల కోసం చెక్కమెట్ల వైపు వెళుతున్నారు. నేను వాళ్ళకి ఎదురు నడిచాను. అంచు దాకా వెళ్ళాను. చదివిన వార్తలన్నీ వరసగా గుర్తొచ్చాయి. జాహ్నవిని దింపి, మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. అల వచ్చి మా పాదాలు దాటి వెనక్కి వెళ్ళింది. కాళ్ళ కింద ఇసుక జారింది. జాహ్నవి ముందు బిక్కమొహం వేసింది, తర్వాత నవ్వింది, తర్వాత "మోర్" అంది. నేను నోరు తెరిచి గాలి పీల్చాను. బోటనీ రికార్డు వాసన వచ్చింది. ఆ ఫైనల్ ఇయర్ పుస్తకాలు ఇప్పుడు ఏ పిల్ల ఒళ్ళో ఉన్నాయో. ఏ కిటికీ దగ్గర.

"శ్రీవల్లీ!" మెట్ల మీదనుంచి గీతాంజలి. గాలికి మిగతా మాటలు రాలేదు. కాసేపటికి ఉమాకాంత్ బూట్లు చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టి వచ్చారు. నీళ్ళు తగలనంత దూరంలో ఆగారు.

"గీత వదిన పిలుస్తోంది. పెళ్ళికొడుకు వైపు ఇంకో ముప్పై కుటుంబాలు వచ్చాయట, సీసాలు చాలవట, ఏ డబ్బాల్లోనైనా నింపాలట. లంచ్‌కి కూడా గిన్నెల్లోకి తియ్యాలి. రా, మళ్ళీ వద్దువుగాని."

నేను వంగి రెండు చేతులూ నీళ్ళలో ముంచాను. గాజుల దాకా, ఆ పైన మోచేతుల దాకా. గోళ్ళ సందుల్లో ఉన్న కారం చురుక్కుమని, ఎర్రగా కరిగి, పోయింది.

"చేతులు తడిగా ఉన్నాయండీ."

ఆయన నవ్వారు. జేబులోంచి కర్చీఫ్ తీసి చాపారు. "తుడుచుకో."

"తుడిస్తే చాలదు. ఆరాలి. మీకు తెలుసుగా, మన ఇంటి పద్ధతి."

"ఎంతసేపు పడుతుంది?"

నేను ఆయన చేతుల వైపు చూశాను. ఒక చేతిలో బూట్లు, ఒక చేతిలో మడత విప్పని కర్చీఫ్. పొద్దుటినుంచి ఆ చేతులకి ఏ తడీ తగల్లేదు.

"మీవి పొడిగానే ఉన్నాయి," అన్నాను. "గరిటె టబ్బు మూత మీదే పెట్టాను."

ఆయన కదల్లేదు. మెట్ల మీద గీతాంజలి చెయ్యి ఊపుతూనే ఉంది. జాహ్నవి నన్ను చూసి తనూ వంగి రెండు చిట్టి చేతులూ ముంచి, పైకెత్తి, నీళ్ళు కారుతుంటే నాకు చూపించింది. ఇంకో అల వస్తోంది. నా చేతులు ఆరకముందే మళ్ళీ ముంచాను.